పాలివ్వటమూ పనేనమ్మా!

"పిల్లాడికి పాలు చాలటం లేదు!"

బాలింత ఉన్న ఇంట్లో ఈ మాట వినపడకుండా పది రోజులు గడవవు. మొదట అనేది అత్తగారు కావచ్చు, పసికందును చూడ్డానికొచ్చిన పక్కింటి పిన్నిగారు కావచ్చు. మధ్యాహ్నం వరండాలో పుట్టిన మాట సాయంత్రానికి ఇల్లంతా తిరిగి బాలింత చెవిన పడుతుంది. ఆ రాత్రి బిడ్డ మామూలుకన్నా రెండుసార్లు ఎక్కువ ఏడ్చాడా, తెల్లారేసరికి తండ్రిగారు మందుల షాపు నుంచి పాలడబ్బా, సీసా పట్టుకొచ్చేస్తారు. సీసా అలవాటైన నాటి నుంచి బిడ్డ తల్లి దగ్గర చీకటం తగ్గిస్తాడు. అతను చీకటం తగ్గేకొద్దీ ఆమెకు పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు అందరూ "మేం ముందే చెప్పలేదూ!" అంటారు.

నిజానికి బిడ్డకు సరిపడా పాలు పడని తల్లులు చాలా కొద్దిమంది. మిగిలినవాళ్ళకి చాలనివి వేరే ఉన్నాయి. నిద్ర చాలదు. వేళకింత తిండి చాలదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని అరగంట నింపాదిగా కూర్చునే తీరిక చాలదు. "నీకేం ఫర్వాలేదు, నేనున్నాగా" అనే మనిషి అసలే చాలదు. ఇవన్నీ బాలింత తనంతట తాను సంపాదించుకోగలిగేవి కావు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇవ్వాలి.

చుట్టూ నీళ్ళే, తాగటానికి చుక్క లేదు

కొల్లేటికోట అనగానే మనకు పెద్దింట్లమ్మ తల్లి గుర్తొస్తుంది. కైకలూరు మండలంలో, కొల్లేరు నడుమ లంక మీద ఉన్న ఊరది. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఫాల్గుణంలో జాతరకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పిల్లలు కలగాలని మొక్కుకునేవాళ్ళు కొందరైతే, కలిగిన పిల్లల్ని ఎత్తుకొచ్చి అమ్మవారికి చూపించేవాళ్ళు కొందరు.

ఆ జాతర కళ్ళతోనే చూస్తే కొల్లేరు ఎంతో అందంగా ఉంటుంది. కానీ అక్కడ కాపురం చేసే ఆడవాళ్ళని అడగండి, మొదట చెప్పేది మంచినీళ్ళ కష్టమే. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీళ్ళన్నీ కొల్లేట్లోకే చేరతాయి. వాటితో పాటు ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు, చేపల చెరువుల్లోంచి వదిలే నీళ్ళు కూడా వస్తాయి. పోవటానికేమో ఉప్పుటేరు ఒక్కటే దారి. కళ్ళెదుట సముద్రమంత నీరున్నా తాగటానికి డబ్బా నీళ్ళు కొనుక్కోవాల్సి రావటం లంక గ్రామాలవారికి మామూలైపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. డబ్బా పాలపొడిని దేనిలో కలుపుతారు? నీళ్ళలోనే కదా! ఆ నీళ్ళు మరిగించి చల్లార్చాలి. సీసా, పీక, గిన్నె ప్రతిసారీ మరగబెట్టాలి. రోజుకు ఎనిమిదిసార్లు! గ్యాసు బండ అయిపోతుందని ఒకసారి, నిద్రమత్తులో ఒకసారి, ఎవరూ చూడట్లేదు కదా అని ఇంకోసారి ఈ మరగబెట్టటం ఎగిరిపోతుంది. డబ్బా ఖరీదు చూసి పొడి కాస్త తగ్గించి నీళ్ళు కాస్త ఎక్కువ పోయటం మామూలే. అలాంటి పాలతో బిడ్డకి విరేచనాలు పట్టుకుంటే లంక దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా తల్లి ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు కొల్లేటి లంకల దారులు నీట మునిగాయి. అలాంటి రోజుల్లో పాలడబ్బా దొరకదు, దొరికినా శుభ్రమైన నీళ్ళు దొరకవు, పొయ్యి వెలిగించటమే గగనం.

పాలిచ్చే తల్లి రోజుకు దాదాపు ముప్పావు లీటరు పాలిస్తుంది. అందులో వందకి 88 వంతులు నీళ్ళే. ఏ మిషనూ వడకట్టలేనంత శుభ్రమైన నీళ్ళు! అందుకే రోహిణి కార్తెలో కూడా ఆరు నెలల్లోపు బిడ్డకి విడిగా నీళ్ళు పట్టక్కర్లేదని డాక్టర్లు చెబుతారు. "గొంతు ఎండిపోతుంది పాపం" అని చెంచాడు నీళ్ళు పోసే అమ్మమ్మలూ, నాన్నమ్మలూ దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ చెంచాలో ఏముందో మనకి కనపడదు.

యూదుల ఇళ్ళల్లో ఓ పాత లెక్క

పాలిచ్చే తల్లి చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి అన్నది మనమొక్కరమే ఆలోచించిన సంగతి కాదు. యూదులు దీన్ని ఏకంగా కాపురపు లెక్కల్లోకి ఎక్కించారు. యూదులంటే ఎక్కడో ఇజ్రాయెల్లో ఉండేవాళ్ళనుకోకండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బెనె ఎఫ్రాయిము అంటారు వాళ్ళని. ఈ విశేషం తెలిసినవాళ్ళు ఏలూరులో కూడా తక్కువే అనుకుంటాను.

సుమారు 1800 ఏళ్ళ కిందట కూర్చిన యూదుల ధర్మశాస్త్రం ఒకటుంది, మిష్నా అని. అందులో భార్య ఇంట్లో చెయ్యాల్సిన పనుల జాబితా ఇచ్చారు. పిండి విసరటం, రొట్టె కాల్చటం, బట్టలుతకటం, వంట, పక్క వెయ్యటం, ఉన్ని వడకటం... వీటి మధ్యలోనే బిడ్డకి పాలివ్వటం కూడా రాశారు. అంటే విసురురాయి తిప్పటం ఎంత పనో బిడ్డకి పాలివ్వటమూ అంత పనే! అక్కడితో ఆగలేదు. భార్య వారానికి ఇంత నూలు వడకాలి, భర్త ఆమెకి ఇంత తిండి పెట్టాలి అని కొలతలు చెబుతూ, ఆమె పాలిచ్చే తల్లయితే వడకాల్సింది తగ్గించి తిండి పెంచమన్నారు.

పని తగ్గించు, తిండి పెంచు! మన పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేది కూడా ఇంతకు మించి ఏముంది?

ఆ పాత పుస్తకాల్లో అన్నీ మెచ్చుకోదగ్గవే అని నేననను. ఇద్దరు దాసీలని వెంట తెచ్చుకున్న కలవారి అమ్మాయికి పాలిచ్చే పని లేదన్నారు. ఇక నేనివ్వనని తల్లి ఒట్టు పెట్టుకుంటే భర్త బలవంతం చెయ్యొచ్చా లేదా అన్నదాని మీద పండితులు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదనలో తల్లి మాట మాత్రం ఎక్కడా వినపడదు. అయినా బిడ్డ పక్షాన గట్టిగా నిలబడ్డ చోట్లున్నాయి. చంటిబిడ్డ తల్లి విధవరాలైనా, విడాకులు తీసుకున్నా బిడ్డకి ఇరవై నాలుగు నెలలు నిండేదాకా ఇంకో పెళ్ళి చేసుకోకూడదన్నారు. కొత్త కాపురంలో మళ్ళీ కడుపొస్తే ఒళ్ళో బిడ్డకి పాలు పోతాయన్న భయం అది. ఇరవై నాలుగు నెలలంటే రెండేళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆర్నెల్లు తల్లిపాలొక్కటే ఇచ్చి, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వచ్చంటోంది.

బైబిలు చదివే మన సోదరీమణులకి మోషే తల్లి కథ తెలుసు. బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి నదిలో వదిలిన తల్లినే ఫరో కూతురు పాలిచ్చే దాదిగా పిలిపించింది. జీతమిస్తానంది. కన్నబిడ్డకి పాలిచ్చినందుకు జీతం పుచ్చుకున్న తల్లి ఆవిడ ఒక్కతేనేమో! నాకు మరీ నచ్చేది హన్నా సంగతి. భర్త ఎల్కానా ఏటేటా ఇంటిల్లిపాదినీ తీసుకుని దేవుడి పండగకి వెళ్తాడు. ఆ ఏడు హన్నా, బిడ్డ పాలు మానేదాకా నేను రానంది. నీకు మంచిదని తోచినట్టే చెయ్యమన్నాడాయన. వాదన లేదు, "జనం ఏమనుకుంటారు" లేదు. మన జాతరలకీ, పెళ్ళిళ్ళకీ రెండు నెలల బాలింతను కదిలించి, వచ్చిన చుట్టాలందరికీ ఆమె చేత వంట చేయించే ఇళ్ళల్లో ఎల్కానా లాంటివాడు ఒక్కడున్నా చాలు.

ఇప్పటికీ చాలా ఊళ్ళలో యూదు స్త్రీలు పురుడొచ్చిన ఇంటికి వంతులేసుకుని వంట పంపుతుంటారు. ఇవాళ ఒకరింటి నుంచి, రేపు ఇంకొకరింటి నుంచి. ఇజ్రాయెల్లో బాలింతలు కొద్దిరోజులు విశ్రాంతి తీసుకోవటానికే వసతిగృహాలున్నాయి. తల్లీబిడ్డల్ని చూసుకునే అక్కడి ఆరోగ్య కేంద్రాలకి పెట్టుకున్న పేరు వింటే ముచ్చటేస్తుంది. 'టిపత్ హలావ్' అంటే పాలబొట్టు! 1920ల్లో జెరూసలేములో హదస్సా అనే మహిళా సంఘంవారు మొదలుపెట్టారు. తల్లిపాలు అందని పిల్లలకి శుభ్రమైన పాలు గాడిదల మీద పంపేవారట. (గాడిద మీద పాలు, గాడిద పాలు కాదండోయ్! వీధిలోకొచ్చి కప్పు పాలు ఇంతని పిండి అమ్మేవాళ్ళ దగ్గర కొని చంటిపిల్లలకి పట్టే అలవాటు మనవాళ్ళకి ఇంకా పోలేదు. అది మానెయ్యాలి.)

చేద వెయ్యటం అంటే ఏమిటి?

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? తొలికాన్పు పుట్టింట్లో జరగటం ఎంత మంచి ఏర్పాటో చూడండి. కన్నతల్లి దగ్గర అమ్మాయి సిగ్గు లేకుండా "అమ్మా, నొప్పిగా ఉందే" అనగలదు. ఒళ్ళు పట్టి, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టేవాళ్ళు. బాలింత చేత నూతిలో చేద వేయించటం అని ఓ వేడుక ఉందే, దాని అర్థం ఎప్పుడైనా ఆలోచించారా? ఆ రోజు దాకా ఆమె నీళ్ళు తోడకూడదు, బిందె ఎత్తకూడదు. పసుపు కుంకాలతో నూతికి పూజ చేసి చేద వేశాకే మళ్ళీ పనిలోకి. యూదుల్లో కూడా మగబిడ్డ పుడితే 40 రోజులు, ఆడబిడ్డ పుడితే 80 రోజులు తల్లికి మైలగా లెక్క రాశారు. మనకీ పురిటి మైల ఉంది. మైల అన్న మాట నాకు ఎంతమాత్రం నచ్చదు. కానీ ఆ పేరు చెప్పి అయినా బాలింతని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు మైల పోయింది, సంతోషం. దాంతో పాటు విశ్రాంతి కూడా పోయింది, అదే బాధ.

రెండో కాన్పుకి వచ్చేసరికి పరిస్థితి ఇంకా మారుతుంది. పెద్దపిల్లని బడికి పంపాలి, అమ్మకి ఒంట్లో బాగోదు, పుట్టింటికి వెళ్ళటం కుదరదు. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక చాలా కుటుంబాలు పనుల కోసం బయటికి పోవాల్సి వచ్చింది. చెరువు గట్టు మీద పాకలో ఆలుమగలు కాపలా కాస్తూ బతికే కుటుంబాలు ఈ చుట్టుపక్కలెన్నో. అలాంటి చోట పురుడొస్తే పక్కన పెద్దదిక్కు ఉండదు. చెప్పేవాళ్ళు లేరు, చేసేవాళ్ళు లేరు. అక్కడ భర్తే అమ్మ కావాలి, అత్త కావాలి. మగవాడు బిడ్డకి పాలివ్వలేడు, నిజమే. నీళ్ళు మొయ్యగలడు, గుడ్డలుతకగలడు, అన్నం వార్చగలడు.

ముర్రుపాలు పారబొయ్యకండి

మన పద్ధతుల్లో మంచివెన్ని ఉన్నాయో మార్చుకోవాల్సినవీ అన్ని ఉన్నాయి. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని పసుపు పాలే ముర్రుపాలు. గేదె ఈనితే జున్నుపాలని పండగ చేసుకుంటాం, పక్కింటికి కూడా పంపుతాం. తల్లికొచ్చే ముర్రుపాలేమో చెడ్డపాలని పిండి పారబోయిస్తాం! ఇదెక్కడి న్యాయం? రోగాలని తట్టుకునే శక్తి ఆ పాలల్లోనే ఉంది. చెంచాడే వస్తున్నాయని దిగులొద్దు, పుట్టిన బిడ్డ పొట్టకి ఆ చెంచాడే చాలు. మూడో రోజుకో, నాలుగో రోజుకో పాలు బాగా పడతాయి.

బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వందమంది పసివాళ్ళలో 42 మందికే ఆ గంటలో పాలందాయి. ఆపరేషన్ కాన్పులు దీనికో కారణం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వందకి 42, తెలంగాణలో 60 పైచిలుకు కాన్పులు ఆపరేషన్లే. ఆపరేషన్ అయినా పాలివ్వచ్చు. తల్లికి స్పృహ ఉండి, డాక్టరు సరేనంటే పడుకునే ఇవ్వచ్చు. బిడ్డని పట్టుకోవటానికి పక్కన ఒక మనిషి కావాలి, అంతే. ఆ గదిలో ఉన్న అమ్మ, అత్తగారు తేనె సీసా కోసం వెతకటం మాని ఆ పని చూడాలి. తేనె, ఆముదం, పంచదార నీళ్ళు ఏవీ నాలిక మీద రాయద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం కూడా.

పాలు ఎలా పడతాయో తెలిస్తే సగం భయం పోతుంది. బిడ్డ చీకిన కొద్దీ తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఊరి పాలు తయారవుతాయి. రాత్రిపూట ఇది ఎక్కువ, కనక రాత్రి పాలు మానిపించకూడదు. ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను ఆ పాలని బయటికి తోస్తుంది. తల్లి బెంగగా, భయంగా, నొప్పితో ఉంటే ఈ రెండోది సరిగా పనిచెయ్యదు. పాలుంటాయి, దిగవు. మంచం పక్కన నిలబడి "చాలట్లేదు" అన్న ప్రతిసారీ మనం చేసేది ఇదే.

చాలుతున్నాయో లేదో తెలుసుకోవటానికి ఏడుపుని నమ్మకండి. మొదటి వారం తర్వాత బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. అంగన్‌వాడీలో తూకం వేయించండి. రొమ్ము మొన ఒక్కటే నోట్లో పెడితే పాలు రావు, పుండు పడుతుంది. చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా వీలైనంత నోట్లోకి వెళ్ళాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనాలి. తల్లి వీపుకి దిండు ఉండాలి. రొమ్ము గట్టిపడితే వేడినీళ్ళ గుడ్డ వేసి కాస్త పిండేసి అప్పుడు పట్టించండి. ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఇంట్లో చిట్కాలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

దిష్టి సంగతి సరేసరి. "పాలకి దిష్టి తగులుతుంది" అని బాలింతను ఓ మూలగదిలో కూర్చోబెడతారు. దిష్టి భయం యూదులకీ బాగా ఉంది, ఈ విషయంలో ఊరూ వాడా ఒకటే! కొంగు కప్పుకుని ఇవ్వండి, ఎర్రనీళ్ళు దిగదుడవండి, మీ ఇష్టం. కానీ గాలి ఆడని గదిలో పెట్టద్దు. దాహమేస్తే నీళ్ళివ్వకుండా ఉండద్దు.

తెలగపిండి, మునగాకు, చిన్న చేపలు

పాలిచ్చే తల్లికి మొదటి ఆర్నెల్లు రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే మామూలుగా తినేదానికన్నా ఇంకో పూట భోజనమంత. కారప్పొడి, పాతపచ్చడితో పథ్యం పెడితే అవి ఎక్కడి నుంచొస్తాయి? అలాగని బాలింత పథ్యాలన్నీ కొట్టెయ్యనక్కర్లేదు. మన తెలగపిండి కూర చూడండి, మాంసకృత్తులు, సున్నం, ఇనుము అన్నీ ఉన్నాయి.

శుభ్రంగా నువ్వులు ఆడించిన తాజా తెలగపిండి ఒక కప్పు తీసుకోండి. పశువులకి పెట్టే చెక్క కాదు సుమా! ముక్కవాసన వస్తే వాడద్దు. కప్పున్నర నీళ్ళు మరిగించి ఉప్పు, పసుపు వేసి రెండు గుప్పెళ్ళ లేత మునగాకు వెయ్యండి. ఆకు మెత్తబడ్డాక తెలగపిండి పైన చల్లి, కలపకుండా మూతపెట్టి సన్నసెగ మీద అయిదారు నిమిషాలుంచండి. దింపి చల్లారాక చేత్తో పొడిపొడిగా విదపండి. మూకుడులో నువ్వులనూనె రెండు గరిటెలు పోసి, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, పది వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వెయ్యండి. వెల్లుల్లి ఎర్రబడ్డాక కూర వేసి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే బాలింతేమిటి, ఇంట్లో అందరూ గిన్నె ఖాళీ చేస్తారు. ఆమె వాటా ముందు తీసి పక్కన పెట్టండి!

ఇది తింటే రాత్రికి రాత్రి పాలు పొంగుతాయని చెప్పను. పాలు పడేది బిడ్డ చీకటం వల్ల. తల్లి ఒళ్ళు తరిగిపోకుండా చూసేది ఈ తిండి.

చేపల విషయంలో ఓ తమాషా ఉంది. యూదుల పండితులు పాలిచ్చే తల్లి తినకూడనివని చెప్పిన వాటిలో చిన్నచేపలు కూడా ఉన్నాయి. ఆ మాట కొల్లేట్లో అంటే నవ్విపోతారు! పరిగెలు, బొమ్మిడాయిలు పులుసు పెట్టి బాలింతకి పెట్టటం ఇక్కడివాళ్ళకి తరతరాల అలవాటు. ఈ విషయంలో కొల్లేరువాళ్ళదే గెలుపు. ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపల్లో సున్నం ఎక్కువ. కోస్తా అంతటా బాలింతలకి ప్రత్యేకంగా పెట్టే పాలసొర మాత్రం ఆలోచించాల్సిందే. సొర పెద్దచేపల్ని తిని బతికే చేప కాబట్టి ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినద్దని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. సొరపుట్టు రుచి తెలిసినవాళ్ళకి కష్టమే, ఏం చేస్తాం!

పనికి వెళ్ళే తల్లి

ఆఫీసు ఉద్యోగం చేసే అమ్మాయిలకి 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉంది. తర్వాత కూడా బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వటానికి రోజుకి రెండుసార్లు విరామం ఇవ్వాలి. మరి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళకి, రొయ్యల షెడ్డులో తలలు తీసేవాళ్ళకి సెలవెవరిస్తారు? వాళ్ళకి ఉన్నది అంగన్‌వాడీలో ఇచ్చే ఆహారం, తొలికాన్పుకి ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద 5,000 రూపాయలు. పది రోజుల కూలికి కూడా సరిపోవని కొందరు నవ్వచ్చు గానీ, అడిగి తీసుకోవాలి. అది వాళ్ళ హక్కు.

పనికి వెళ్ళేవాళ్ళు పాలు పిండి ఉంచి వెళ్ళచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, మరగబెట్టిన స్టీలు గిన్నెలోకి పిండి మూత పెట్టాలి. మన ఎండల్లో బయట రెండు గంటలకి మించి ఉంచద్దు. ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులుంటాయి. పట్టేటప్పుడు పొయ్యి మీద కాచకుండా, గిన్నెని వేడినీళ్ళలో ఉంచి నులివెచ్చన చెయ్యాలి. సీసా వద్దు. అటక మీద ఉగ్గుగిన్నె ఉంటుంది, దింపి తోమండి. పీకలో ఉన్నట్టు దానిలో పాచి దాగదు, బిడ్డ తల్లి రొమ్ముని మరచిపోడు. నాన్నమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొద్దికొద్దిగా పడుతుంటే వాడు చప్పరించే తీరు చూడాలి!

నిజంగానే పాలివ్వలేని తల్లులుంటారు. కొన్ని జబ్బులు, కొన్ని మందులు అడ్డొస్తాయి, కొందరికి ఎంత చేసినా పడవు. డాక్టరు చెప్పాక డబ్బా పాలు పట్టే ఆ తల్లిని చూసి పెదవి విరిచేవాళ్ళ కన్నా పాపిష్టివాళ్ళుండరు. ఆమెకీ అంతే విశ్రాంతి కావాలి, అంతే సాయం కావాలి. నా కోపమంతా అవసరం లేకుండా డబ్బా అంటగట్టేవాళ్ళ మీదే. బొద్దుపాపాయి బొమ్మతో పాలడబ్బాల ప్రకటనలు ఒకప్పుడు పత్రికల్లో దర్జాగా వచ్చేవి. 1992లో వచ్చిన చట్టంతో వాటికి అడ్డుకట్ట పడింది. 2003లో దాన్ని ఇంకా బిగించి, రెండేళ్ళలోపు పిల్లల పాలకీ ఆహారానికీ వర్తించేలా చేశారు. కొనేవాళ్ళకి ఉచితంగా ఏదో అంటగట్టటం, ఆసుపత్రిలో శాంపిళ్ళు పంచటం నేరం. ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

ఇక జాతర సంగతి. వచ్చే ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ దగ్గరికి చంటిబిడ్డతో వెళ్ళేవాళ్ళు రెండు పాతచీరలు, నాలుగు పిన్నీసులు సంచిలో వేసుకోండి. చెట్టు కిందో, పందిరి మూలో చీర అడ్డం కట్టి కూర్చుంటే మీతో పాటు ఇంకో పదిమంది తల్లులు అక్కడికే చేరతారు. ఊళ్ళో మహిళా సంఘాలవాళ్ళు ఒక బల్ల, ఒక కుండ మంచినీళ్ళు పెట్టించి అలాంటి చోటు ఒకటి ఏర్పాటు చేస్తే పెద్ద ఖర్చేం కాదు. బిడ్డకి మూడు నెలలు కూడా నిండకపోతే మాత్రం హన్నాలాగా "ఈ ఏడు నేను రాను" అనండి. అమ్మవారు ఏమీ అనుకోదు. మొక్కు తీర్చటానికి మీ ఆయన్ని పంపండి, వచ్చేటప్పుడు మునగాకు కోసుకురమ్మనండి.